మూడు వేల లోపు నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు: కొనేముందే నాణ్యతను గుర్తుపట్టడం ఎలా?

కోవూరు చదువరి

సభ్యులందరికీ నమస్కారం. మాది నెల్లూరు నుంచి పెన్న దాటితే వచ్చే కోవూరు. ఏడాదిగా ఇంట్లోనే ఉండి గ్రూప్-2 పరీక్షకు రోజుకు ఎనిమిది గంటలు చదువుకుంటున్నాను. మా పెరటి ప్రహరీకి అవతల ఒక బియ్యం మిల్లు ఉంది. కోతలు మొదలై ధాన్యం రావడం ఆరంభమైందంటే అది తెల్లవారుజామున తిరగడం మొదలుపెట్టి రాత్రి పొద్దుపోయేదాకా ఆగదు. ఆ మోత పెద్దదేమీ కాదు, ఇంట్లో మాటలకు అడ్డు రాదు. కానీ బల్ల మీది గ్లాసులో నీళ్లు సన్నగా వణికేటంత ఎడతెగకుండా ఉండి, చదివిన పేరానే మళ్లీ మళ్లీ చదివిస్తుంది. ఇది చాలదన్నట్టు, వినికిడి తగ్గిన మా తాతయ్య ముందు గదిలో టీవీ వార్తలు గట్టిగా పెట్టుకుంటారు. ఎనభై దాటిన మనిషిని తగ్గించమని అడగడానికి నాకు నోరు రాదు.

కిందటి ఏడాది పన్నెండు వందలు పెట్టి ఆన్‌లైన్‌లో ఒక జత హెడ్‌ఫోన్లు తెప్పించుకున్నాను. పెట్టె మీద 'నాయిస్ క్యాన్సిలేషన్' అని బొటనవేలంత అక్షరాలు ఉన్నాయి. పెట్టుకుని చూస్తే మిల్లు మోత మిల్లు మోతలాగే ఉంది. ఎక్కడైనా మీట నొక్కడం మరిచిపోయానేమో అనుకుని పది రోజులు దానితోనే కుస్తీ పట్టాను. ఆఖరికి పెట్టె అడుగున చిన్న అక్షరాల్లో 'ఈఎన్‌సీ' అని చూశాను గానీ, అప్పటికి వాపసు గడువు ముగిసిపోయింది.

ఈసారి మూడు వేలు దాటకుండా, నెల్లూరుకు వెళ్లి దుకాణంలో స్వయంగా చూసి కొనాలనుకుంటున్నాను. ఒక పెట్టె మీద 25 డెసిబెళ్లు, మరొక దాని మీద 32, ఇంకొక దాని మీద 45 అని రాస్తున్నారు. ఆ అంకెలను ఎంతవరకు నమ్మవచ్చు? దుకాణంలో నిలబడిన పది నిమిషాల్లో మంచిచెడులు తేల్చుకునే మార్గం ఏదైనా ఉందా? నాకు కళ్లద్దాలున్నాయి. చెవిని మొత్తం కప్పేవి తీసుకోవడం మంచిదా, చెవిలో దూర్చుకునేవి మంచివా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పాత రేడియో

అమ్మా, నేను నెల్లూరులో పంతొమ్మిదేళ్లుగా ఎలక్ట్రానిక్స్ మరమ్మతు చేస్తున్నాను. మొదట్లో టేప్‌రికార్డర్లు వచ్చేవి, ఇప్పుడు నా బల్ల మీద సగం హెడ్‌ఫోన్లే. మీరు మోసపోయినట్టే మోసపోయి నా దగ్గరికి 'ఇది పనిచేయడం లేదు, బాగు చేయండి' అని తెచ్చినవారు వారానికి ఒకరైనా ఉంటారు. ఈఎన్‌సీ అనేది మీ చెవికి సంబంధించినది కాదు. మీరు ఫోనులో మాట్లాడేటప్పుడు మీ చుట్టూ ఉన్న రొద అవతలివారికి వినిపించకుండా మైకు దగ్గర చేసే వడపోత అది. మీ చెవిలోకి వచ్చే రొదను తగ్గించేది ఏఎన్‌సీ. పెట్టె మీద 'యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్' అనే మూడు మాటలూ కలిపి లేకపోతే ఆ జతను అక్కడే పెట్టి పక్కకు రావడం మేలు.

ఇక ఏఎన్‌సీ ఏ రొదను తగ్గించగలదో, దేనిని తగ్గించలేదో తెలియకుండా నాణ్యతను కొలవలేము కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాను. హెడ్‌ఫోను మీదున్న చిన్న మైకు బయటి శబ్దాన్ని పట్టుకుంటుంది. లోపలి చిప్పు దానికి సరిగ్గా తలకిందులైన తరంగాన్ని తయారు చేసి స్పీకరు ద్వారా వదులుతుంది. ఒకటి పైకి లేచినప్పుడు రెండోది కిందికి దిగుతుంది కాబట్టి రెండూ కలిసి అణగిపోతాయి. జర్మనీకి చెందిన పాల్ లూయెగ్‌కు ఈ ఊహ మీద అమెరికాలో 1936లోనే పేటెంటు వచ్చింది. చాలా ఏళ్ల తరువాత 1978లో బోస్ ఆడియో కంపెనీ స్థాపకుడు అమర్ బోస్ యూరప్ నుంచి అమెరికాకు వెళ్తూ, విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్లలో ఇంజను మోత తప్ప పాట వినిపించక, ఆ ప్రయాణంలోనే కాగితం మీద లెక్కలు వేయడం మొదలుపెట్టారు. అంటే ఈ విద్య పుట్టిందే ఎడతెగని, బొంగురు ఇంజను మోత కోసం. మీ మిల్లు మోత దానికి స్వయానా చెల్లెలు.

చిప్పు ఎంత వేగంగా పనిచేసినా కొంత ఆలస్యం తప్పదు. ఆ ఆలస్యం సెకనులో పదివేల వంతు అనుకుందాం. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 50 సార్లు ఊగేది కావడం వల్ల ట్రాన్స్‌ఫార్మరు గుయ్యిమనే శబ్దం దానికి రెట్టింపుగా 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, పెద్ద మోటార్ల మోతలోనూ ఆ చుట్టుపక్కల భాగం ఎక్కువ. 100 హెర్ట్జ్ తరంగం ఒకసారి లేచి పడడానికి సెకనులో నూరోవంతు పడుతుంది కాబట్టి, చిప్పు చేసిన ఆలస్యం అందులో నూటికి ఒక పాలు మాత్రమే. రెండు తరంగాలూ దాదాపు సరిగ్గా ఎదురుపడి అణగిపోతాయి. అదే 3,000 హెర్ట్జ్ శబ్దమైతే అంతే ఆలస్యం తరంగంలో నూటికి ముప్ఫై పాళ్లవుతుంది. అప్పుడు అణచడం మాట దేవుడెరుగు, శబ్దం ఇంకొంచెం పెరిగినా ఆశ్చర్యం లేదు. అందుకే తయారీదారులు సుమారు 1,000 హెర్ట్జ్ దాటాక ఏఎన్‌సీని తగ్గించేసి, ఆ పై శబ్దాలను ఆపే పనిని కుషన్లకు వదిలేస్తారు.

మీ తాతయ్యగారి టీవీ సంగతి ఇక్కడే తేలిపోతుంది. మనిషి గొంతులోని బరువు కింది శ్రుతుల్లో ఉంటుంది కానీ, మాట అర్థమయ్యేది స, ష, చ, ట వంటి హల్లుల వల్ల, వాటి పదును 2,000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. ఏఎన్‌సీ వేస్తే వార్తలు చదివేవారి గొంతులో నిండుదనం పోయి, హల్లులు మాత్రం గాజుపెంకుల్లా మిగులుతాయి. పైగా మిల్లు మోత తగ్గడంతో అవి ముందుకంటే స్పష్టంగా వినిపించవచ్చు. కుక్కర్ కూత, గిన్నెల చప్పుడు, వీధిలో హారను కూడా అంతే. ఇది హెడ్‌ఫోను లోపం కాదు. ఐదు వేలదైనా ఇరవై ఐదు వేలదైనా ఈ వరుస మారదు, తగ్గే మోతాదు మాత్రమే మారుతుంది. టీవీకి నేను చెప్పే ఉపాయం వేరు: ఏఎన్‌సీతో మిల్లును తగ్గించి, దాని మీద వాన చప్పుడు లాంటి ఎడతెగని శబ్దాన్ని ఫోనులో బాగా సన్నగా పెట్టుకోండి. మాటలు అందులో కలిసిపోతాయి.

డెసిబెళ్ల అంకెల గురించి అడిగారు. 10 డెసిబెళ్లు తగ్గితే చెవికి శబ్దం సుమారు సగమైనట్టు అనిపిస్తుంది, 20 తగ్గితే ధ్వని పీడనం పదో వంతుకు పడిపోతుంది. కాబట్టి 32 అనేది నిజమైతే చాలా గొప్ప అంకె. కానీ ఆ అంకె ముందో వెనుకో 'వరకు' అనే చిన్న మాట ఉంటుంది, మొత్తం మర్మం అందులోనే ఉంది. ఏదో ఒక్క శ్రుతి దగ్గర, ప్రయోగశాలలో బొమ్మ తలకు బిగించి కొలిచినప్పుడు అందిన గరిష్ఠం అది. ఆ శ్రుతికి అటూ ఇటూ ఎంత తగ్గుతుందో పెట్టె మీద ఉండదు. ఒకే కంపెనీ రెండు మోడళ్లను పోల్చడానికి కొంత పనికివస్తుందేమో కానీ, వేర్వేరు కంపెనీల అంకెలను పక్కపక్కన పెట్టి బేరీజు వేయడం రెండు వేర్వేరు తక్కెడల్లో తూచినవాటిని పోల్చినట్టే.

దుకాణంలో చేయవలసిన పరీక్ష చెబుతాను. అమ్మేవారు మొట్టమొదట చేసే పని మీ తలకు హెడ్‌ఫోను తగిలించి గట్టిగా ఒక పాట పెట్టడం. దానికి ఒప్పుకోకండి. పాట మోగుతుంటే ఏ హెడ్‌ఫోనైనా బయటి రొదను కప్పేస్తుంది. పాట లేకుండా, వీలైతే ఫోనుకు జత కూడా చేయకుండా, ఉత్త హెడ్‌ఫోను అడగండి. ఏసీ కింద గానీ, ఫ్రిజ్‌లు వరుసగా ఆన్‌లో ఉన్నచోట గానీ నిలబడండి. కరెంటు పోయి బయట జనరేటరు నడుస్తుంటే మీకంటే అదృష్టవంతులు లేరు. మొదట ఒట్టి చెవులతో ఒక నిమిషం వినండి. తరువాత హెడ్‌ఫోను ఆన్ చేయకుండా పెట్టుకుని వినండి. ఆ తరువాత ఏఎన్‌సీ వేసి వినండి. మొదటిదానికీ రెండోదానికీ ఉన్న తేడా కుషన్లు చేసినది, రెండోదానికీ మూడోదానికీ ఉన్న తేడాయే మీరు ఏఎన్‌సీ కోసం అదనంగా ఇస్తున్న డబ్బుకు ప్రతిఫలం. చాలామంది మొదటిదాన్ని మూడోదానితో పోల్చి, కుషన్ చేసిన పనిని చిప్పు ఖాతాలో వేసి ఇంటికి వస్తారు.

మీ మిల్లు మోతను ఫోనులో రికార్డు చేసి తీసుకెళ్లాలని మీకు అనిపించవచ్చు. ఫోను స్పీకరు మీద మాత్రం దాన్ని వేయకండి, అంత చిన్న స్పీకరు 100 హెర్ట్జ్‌ను సరిగా పలికించలేదు. దుకాణంలో పెద్ద స్పీకరు ఏదైనా ఉంటే దాని మీద వేయించండి.

ఏఎన్‌సీ నడుస్తుండగానే ఇంకొక పని చేయండి. చెవిని కప్పే గిన్నెకు బయటివైపు సూది రంధ్రమంత మైకు ఉంటుంది. దాన్ని గోటితో మెల్లగా గీరండి. నిజంగా పనిచేసే బయటి మైకైతే ఆ గరగర చాలావరకు చెవిలో తెలుస్తుంది. ఆ తరువాత కుషన్ కిందికి రెండు వేళ్లు దూర్చి సందు చేయండి. అణగిన మోత ఒక్కసారిగా లోపలికి దూకాలి. సందు చేసినా చేయకపోయినా ఒకేలా ఉంటే అక్కడ అణచినది ఏదీ లేదన్నమాట. కిందటి వేసవిలో ఒకాయన తెచ్చిన జతను విప్పితే, బయటికి కనిపించే నాలుగు రంధ్రాల్లో రెండింటి వెనుక మైకులే లేవు, ఉత్త ప్లాస్టిక్. ఇంకొక దానిలో ఏఎన్‌సీ మీట నొక్కితే జరిగేదల్లా బేస్, అంటే పాటలోని కింది శ్రుతులు పెరగడమే. వినేవారికి 'ఏదో మారింది' అనిపిస్తుంది, ఆ 'ఏదో' చాలు అమ్ముకోవడానికి.

కళ్లద్దాలు పెద్ద సమస్యే. అద్దాల కాడ కుషన్‌కూ తలకూ మధ్య చిన్న సొరంగం చేస్తుంది, కింది శ్రుతులు అందులోంచి దర్జాగా వస్తాయి. మైకు బయట మాత్రమే ఉన్న రకానికి ఈ కారుడు సంగతి తెలియదు, తన లెక్క తాను చేసుకుపోతుంది. లోపల కూడా మైకు ఉన్నదైతే చెవి దగ్గర నిజంగా ఏం మిగిలిందో విని కొంతవరకు సర్దుకుంటుంది. రెండూ ఉన్నదాన్ని 'హైబ్రిడ్' అంటారు. మీరు ఆ మాట ఉన్నదే చూడండి, కుషన్ మెత్తగా, మందంగా ఉన్నదే చూడండి, అద్దాలు పెట్టుకునే పరీక్షించండి. హెడ్‌ఫోను బరువును నాణ్యతకు గుర్తుగా తీసుకోకండి. బరువు కోసమే ఇనుప ముక్కలు అతికించినవాటిని నా చేతులతో విప్పాను.

సీజన్ టికెట్

పాత రేడియో గారి మాటలు అక్షరాలా నిజం. అయితే చివరి సలహా దగ్గర నాకు కొంచెం భిన్నాభిప్రాయం ఉంది. నేను ఆరేళ్లుగా ఒంగోలు నుంచి నెల్లూరుకు ఉద్యోగం కోసం రైల్లో వెళ్లివస్తున్నాను, ఈ ఆరేళ్లలో చెవిని కప్పేవి రెండు, చెవిలో పెట్టుకునేవి మూడు వాడాను. మూడు వేల లోపు అయితే చెవిలో పెట్టుకునేవాటికే నా ఓటు. వాటికి కళ్లద్దాల బాధ లేదు. రబ్బరు టిప్పు చెవి రంధ్రానికి సరిపోతే అదే సగం పని చేస్తుంది, పైగా మాటల్లాంటి పై శ్రుతులను పలచని కుషన్ కంటే బాగా ఆపుతుంది. పెట్టెలో మూడు సైజుల టిప్పులు ఇస్తారు. చాలామంది కంపెనీ ముందే బిగించి ఇచ్చిన నడిమి సైజునే వాడి, మిగిలినవాటిని పారేస్తారు. నా ఎడమ చెవికి పెద్దది, కుడి చెవికి నడిమిది సరిపోయాయని నాకు తెలియడానికి ఏడాది పట్టింది.

రెండో కారణం మన ఎండలు. రోహిణి కార్తెలో సింగరాయకొండ దాటేసరికి రైలు పెట్టె మొత్తం కొలిమిలా ఉంటుంది. సముద్రపు గాలి తేమ దానికి తోడు. ఆ ఉక్కపోతలో చెవుల మీద తోలు కుషన్లు అరగంట ఉంచుకోవడం నా వల్ల కాలేదు. తోలు అంటున్నానే కానీ అది తోలు కాదు, గుడ్డ మీద పూసిన పాలీయురిథేన్ పొర. చెమట, తేమ, వేడి తగిలితే విరిగి నల్లటి పొలుసులుగా రాలుతుంది. నా మొదటి జత రెండో వేసవికే కాలరు మీద, బుగ్గల మీద మసి రాల్చడం మొదలుపెట్టింది. ఆఫీసులో ఒకరు 'ఏమండీ, బొగ్గింజను ఎక్కి వచ్చారా' అని అడిగేదాకా నాకు తెలియలేదు.

రైల్లో ఏఎన్‌సీ ఎంత ఉపయోగమో చెప్పనక్కరలేదు. చక్రాల దడదడలో కింది భాగం మొత్తం పోతుంది. టీ, కాఫీ అమ్మేవారి కేకలు మాత్రం నిక్షేపంలా వస్తాయి, అది కూడా మంచిదే. కిటికీ పక్క కూర్చుంటే ఇంకొక తమాషా ఉంది. గాలి నేరుగా మైకు రంధ్రం మీద కొడితే చిప్పు దాన్ని కూడా రొద అనుకుని అణచబోయి, చెవిలో తుఫాను రేపుతుంది. చవకరకం వాటిలో ఇది మరీ ఎక్కువ. ఇంట్లో వాడేవారైనా ఫ్యాను గాలి సూటిగా తగిలేచోట ఒకసారి పరీక్షించుకోవాలి.

బ్యాటరీ విషయంలో పెట్టె మీది గంటలు చాలావరకు ఏఎన్‌సీ వేయకుండా, ధ్వని సగంలో పెట్టి లెక్క కట్టినవి. వేస్తే ఎంత వస్తుందో పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదే చూడాలి. కోడెక్‌ల (బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే పద్ధతుల) గొడవ చదువుకునేవారికి అనవసరం, రొద తగ్గించడానికీ దానికీ సంబంధం లేదు.

ధ్వని గురించి ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెళ్లు. ఏఎన్‌సీ లేని హెడ్‌ఫోన్లతో రైల్లో పాట వినాలంటే రైలును మించి పెంచాలి కాబట్టి ఆ హద్దు తెలియకుండానే దాటిపోతాం. ఏఎన్‌సీ వచ్చాక నా ఫోనులో ధ్వని ముందున్నదాంట్లో సగానికి దిగింది. వాటిని పెట్టుకుని పట్టాల పక్కన నడవడం, హైవే మీద బండి నడపడం మాత్రం ఎవరూ చేయకూడదు. మోటారు మోతను తీసేయడమే దాని పని, వెనుక వచ్చే లారీ మోత కూడా మోటారు మోతే.

పాత రేడియో

సీజన్ టికెట్ గారూ, ఎండల విషయంలో మీదే నిజం. కానీ మీరు వాడేది గంటన్నర, రెండు గంటలు. ఆ అమ్మాయి రోజుకు ఎనిమిది గంటలు చదువుతుంది. చెవి రంధ్రాన్ని అంతసేపు రబ్బరుతో మూస్తే ఈ తేమలో దురద, పోటు మొదలై డాక్టరు దగ్గరికి వెళ్లినవారిని చూశాను. ఇంకొకటి, చెవిలో పెట్టుకునేవాటి బ్యాటరీ శనగగింజంత ఉంటుంది, వాడకం ఎక్కువైతే రెండేళ్లకు నీరసపడుతుంది, అతికించిన డొల్లను పగలకుండా విప్పడం నాలాంటివాడికి కూడా కష్టమే. చెవిని కప్పేవాటిలో బ్యాటరీ మార్చవచ్చు, కుషన్లు ఊడదీసి కొత్తవి మూడు నాలుగు వందల్లో వేసుకోవచ్చు. కొనేటప్పుడే కుషన్‌ను కొద్దిగా తిప్పి లాగి, అది ఊడే రకమో అతికించిన రకమో చూసుకోవాలి. నా బల్ల మీదికి వచ్చేవాటిలో పోయేది ఎక్కువగా చిప్పు కాదు. మడత దగ్గర ప్లాస్టిక్ చీలడం, ఆ మడతలోంచి వెళ్లే వెంట్రుకంత తీగలు తెగడం. మడత పెట్టి తీసి పదిసార్లు ఆడించి చూస్తే కిర్రుమనేది, వదులుగా ఊగేది అక్కడే తెలిసిపోతుంది.

చీమకుర్తి నుంచి

నాది చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజరు పని. ప్రశ్న అడిగిన చెల్లెమ్మకు నేరుగా పనికిరాకపోయినా, ఈ చర్చ చదివి నాలాంటివారు ఎవరైనా కొనబోతారేమోనని రాస్తున్నాను. గెలాక్సీ అనే నల్ల గ్రానైటు రాయిని వజ్రపు పళ్ల బ్లేడు కోసేటప్పుడు వచ్చే కూత విన్నవారికి తెలుస్తుంది. నేను రెండేళ్ల కిందట రెండు వేల ఎనిమిది వందలకు ఏఎన్‌సీ హెడ్‌ఫోన్లు కొని, చెవులకు రక్షణగా ఉంటుందని షెడ్డులో పెట్టుకోవడం మొదలుపెట్టాను. నీటి పంపుల మోత, మోటార్ల గుయ్యి మాయమయ్యాయి. లోకమంతా నిశ్శబ్దమైపోయిందనుకున్నాను. నిజానికి మాయమైంది చెవికి తక్కువ హాని చేసే భాగం. బ్లేడు కూత ఉన్నదున్నట్టే వస్తోంది, కింది మోత లేకపోవడంతో దాన్ని నేను పెద్ద శబ్దంగా గుర్తించలేదు. నాలుగు నెలలకు రాత్రిపూట పడుకుంటే చెవిలో ఈలవేసినట్టు మొదలైంది. ఒంగోలులో చెవి డాక్టరుకు చూపిస్తే, వినికిడి పరీక్ష చేసి, పై శ్రుతుల్లో తగ్గుదల చూపిస్తున్న గీతను వేలితో చూపించి, షెడ్డులో ఏం పెట్టుకుంటున్నావని అడిగారు.

కార్ఖానాల నిబంధనల్లో 8 గంటలకు 90 డెసిబెళ్ల హద్దు ఉంది. దాన్ని దాటేచోట పెట్టుకోవలసినది కార్మికుల కోసం పరీక్షించి, ఎంత శబ్దం తగ్గిస్తుందో రేటింగు వేసిన ఇయర్‌మఫ్‌లే. అందులో కరెంటూ లేదు, చిప్పూ లేదు, ఉత్త మందపాటి గిన్నె, నురుగు, గట్టి బిగింపు. ఏఎన్‌సీ హెడ్‌ఫోను చదువుకోవడానికీ ప్రయాణానికీ చేసిన వస్తువు. ఇంకో సంగతి, రాతి పొడి మైకు జాలీలో పేరుకుంటే ఆ వైపు ఏఎన్‌సీ గుడగుడమనడం మొదలుపెడుతుంది. మిల్లు పక్కన ఉంటున్నారు కాబట్టి ఊక దుమ్ము మీకూ తప్పదు. మెత్తటి బ్రష్‌తో పైపైన దులపండి, సూది పెట్టి పొడవకండి.

కోవూరు చదువరి

అందరికీ ధన్యవాదాలు. చీమకుర్తి అన్నా, మీ చెవి ఇప్పుడు ఎలా ఉందో చెప్పగలరు.

నిన్న నెల్లూరు వెళ్లి ట్రంకు రోడ్డులో రెండు దుకాణాలు తిరిగాను. మొదటిచోట పాట లేకుండా వింటానంటే అమ్మే అబ్బాయి 'పాట వినకుండా హెడ్‌ఫోను ఎందుకమ్మా' అని నవ్వి, పెట్టె సీలు తీయడానికి ఒప్పుకోలేదు. రెండోచోట యజమాని పెద్దాయన. తనకూ సంగతేమిటో చూడాలనిపించిందేమో, మూడు జతలు బయటపెట్టి, స్టూలు వేయించి, ఏసీ బయటి యూనిట్ ఉన్న వెనుక సందులో కూర్చోబెట్టారు.

పాత రేడియో గారు చెప్పినట్టే మూడు దశల్లో విన్నాను. 45 డెసిబెళ్లు అని రాసిన జత ఆన్ చేయకుండా పెట్టుకున్నప్పటికీ, ఏఎన్‌సీ వేసినప్పటికీ తేడా అతి తక్కువ. గోటితో గీరితే చప్పుడే లేదు. 32 రాసినది మోతను బాగా తగ్గించింది కానీ, అద్దాలు పెట్టుకోగానే ఎడమవైపు మోత తిరిగి వచ్చింది, దాని కుషన్ నా వేలి మందం కూడా లేదు. 28 అని రాసిన మూడోది హైబ్రిడ్. అద్దాలతో కూడా ఏసీ మోత ఎక్కడికో పక్క వీధిలోకి వెళ్లిపోయినట్టయింది. రెండు వేళ్లు దూర్చగానే మోత చెవి మీద పడింది, పెద్దాయన కూడా పెట్టుకుని వేళ్లు దూర్చి చూసుకుని చాలాసేపు అలాగే ఉన్నారు. సీజన్ టికెట్ గారి మాట మీద చెవిలో పెట్టుకునేది కూడా ఒకటి చూశాను. మాటలను అదే ఎక్కువ ఆపింది, ఒప్పుకుంటాను. కానీ పావుగంటకే చెవి బరువెక్కింది.

మూడోదాన్నే 2,650 రూపాయలకు తీసుకున్నాను. ఇంట్లో మిల్లు మోత నేను ఆశించినంత తగ్గింది, గ్లాసులో నీళ్ల వణుకు మాత్రం కంటికి కనిపిస్తూనే ఉంది. తాతయ్య వార్తలు మీరు చెప్పినట్టే పలచబడి, పదునెక్కాయి. వాన చప్పుడు సన్నగా పెట్టుకున్నాక అందులో మాటలు విడిగా తెలియడం లేదు.

ఒక అనుమానం మిగిలింది. రాత్రి కరెంటు పోయి మిల్లు, టీవీ రెండూ ఆగిపోయినప్పుడు ఏఎన్‌సీ వేసి ఉంటే చెవిలో దూరంగా పొయ్యి మీద నీళ్లు సలసలమన్నట్టు సన్నని 'సుయ్' వినిపించింది. ఎడమవైపు కాస్త ఎక్కువేమో అనిపిస్తోంది. మీట వేసిన మొదటి క్షణంలో, లిఫ్టు ఎక్కినట్టు చెవి దిబ్బడ వేసినట్టుగా కూడా ఉంటోంది. ఇవి లోపాలా? వాపసు గడువు ఏడు రోజులు.

పాత రేడియో

దిబ్బడ లోపం కాదు. నిజంగా గాలి ఒత్తిడి ఏదీ పెరగదు. కింది శ్రుతులు ఒక్కసారిగా మాయమైతే చెవి దాన్ని అలా అనుకుంటుంది, చాలామందికి వారం పది రోజుల్లో అలవాటైపోతుంది. తలనొప్పి వస్తే మాత్రం బలవంతాన అలవాటు చేసుకోకండి.

'సుయ్' మైకుల, ఆంప్లిఫయరు సొంత రొద. ఈ ధరలో కొంత ఉంటుంది, మిల్లు నడుస్తున్నప్పుడు వినిపించకపోతే మీ పనికి అడ్డం లేదు. చూడవలసినది రెండు వైపులా సమానంగా ఉందా లేదా అన్నది. ఈ రాత్రి అందరూ పడుకున్నాక, ఫ్యాను ఆపేసి, ఏఎన్‌సీ వేసి, హెడ్‌ఫోనును తిప్పి పెట్టుకోండి, అంటే ఎడమ గిన్నె కుడి చెవికి, కుడి గిన్నె ఎడమ చెవికి. ఎక్కువ రొద గిన్నెతో పాటు కుడి చెవికి మారితే ఆ గిన్నెలో మైకు బాగాలేదు, రేపే తీసుకెళ్లి మార్పించుకోండి. రొద ఎడమ చెవిలోనే నిలిచిపోతే తేడా మీ చెవిది లేదా అద్దాల కాడది.

మార్పించుకోవడానికి వెళ్తే బిల్లుతో పాటు పెట్టెనూ, లోపలి ప్లాస్టిక్ కవర్లనూ తీసుకెళ్లండి. పెట్టె మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు కింద 'ఆర్' అక్షరంతో ఒక నంబరు ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి కంపెనీ పేరు సరిపోయిందో లేదో కూడా చూసుకోండి. అది భద్రతా ప్రమాణానికి సంబంధించిన నమోదు, ధ్వని నాణ్యతకు హామీ కాదు. ఆ పెద్దాయన మాట కాదంటారని నేను అనుకోను కానీ, ఒకవేళ కాదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. ఏడు రోజుల్లో ఒక రోజు అయిపోయింది, పరీక్ష ఈ రాత్రే చేయండి.